వాగుకు అవతల ఖాదర్ అంకుల్

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మేవాళ్లను ఏడిపించడం నాకు సరదా కూడా. అసలు నేను ఆస్ట్రేలియా వెళ్లిందే ఒక దయ్యం పుణ్యమా అని. దాని పేరు వైటూకే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా వణికిపోతుంటే, మెల్‌బోర్న్‌లో ఒక ఆఫీసులో కూర్చుని పాత కోబాల్ ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసేవాణ్ణి. తీరా కొత్త సంవత్సరం వచ్చింది, ఒక్క లైటు కూడా ఆరలేదు.

ఆ హడావిడి తీరాక శని, ఆదివారాలు ఖాళీ. అప్పుడే ఖాదర్ అంకుల్ నన్ను విల్లు వేటలోకి దింపారు. ఆయనది కర్నూలు, మెల్‌బోర్న్‌లో ఎప్పుడో స్థిరపడ్డ పళ్ల డాక్టరు. నాది నంద్యాల. ఇద్దరి ఇళ్లలోనూ ఉర్దూయే అయినా, మేం కలిస్తే కబుర్లు తెలుగులోనే. ఊళ్లో పిల్లలందరినీ తీపి తినొద్దని బెదిరించే ఆ మనిషికి షుగరు. ఇన్సులిన్ వేసుకోవడం మరవరు, తినడం మరుస్తారు.

మన నల్లమలలో తిరిగే పెద్ద జింక, కణుజే, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రపు కొండల్లోనూ ఉంది. తెల్లవాళ్లు ఎప్పుడో తెచ్చి వదిలారట. మన దగ్గర దాని మీద చెయ్యి వేస్తే జైలు. అక్కడ లైసెన్సు తీసుకున్నవాళ్లెవరైనా ప్రభుత్వ అడవిలో వేటాడుకోవచ్చు.

కొన్ని నెలలు ఆయన పెరట్లో ఫోమ్ దిమ్మ మీద బాణాలు వేయించారు. గాలి మన ముఖం మీదికి రావాలి, జంతువు వెనక ఏముందో చూసుకోవాలి, తొందరపడకూడదు. వీటన్నిటికన్నా ఆయనకు ముఖ్యమైనది ఇంకొకటుంది. బాణం వదిలేముందు బిస్మిల్లా అని అల్లా పేరు చెప్పుకోవాలి. అనకపోతే ఆ మాంసం మేం తినం. నారి పూర్తిగా లాగాక అది పెదవికి ఒత్తుకుంటుంది, నోరు తెరవలేం. కాబట్టి లాగకముందే, పైకి వినబడేలా అనాలి. ఫోమ్ దిమ్మకు కూడా ఆయన మినహాయింపు ఇవ్వలేదు. ప్రతిసారీ వెనక నిలబడి "పేరు చెప్పుకుంటివా?" అని అడిగేవారు. నాకు విసుగొచ్చేది.

ఆ చలికాలంలో ఒక ఉదయం అడవికి వెళ్లాం. కారు దగ్గర ఆయన ఇన్సులిన్ వేసుకున్నారు. దారిలో తిందామన్న రొట్టెలు సీటు మీదే ఉండిపోయాయి. ఖర్జూరాల పొట్లం నా సంచిలో ఉంది. వాగు ఇవతలి గట్టు నాది, అవతలి గట్టు ఆయనది. రోడ్డు వంతెన మీదుగా ఆయన అటు దాటి, ఎగువకు వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి మళ్లీ కారు దగ్గర కలుద్దామనుకున్నాం.

నేను ఒక నిట్టనిలువు బండకు వీపు ఆనించి కూర్చున్నాను. ఎండ బాగా వచ్చాక అవతలి గట్టు మీద కణుజు కనిపించింది. పెద్ద మగది, నడుం లోతు ఫెర్న్ పొదల్లో అడ్డంగా నిలబడింది. నా బాణానికి అందే దూరమే. దాని వెనక పొదలు తప్ప ఏమీ కనబడలేదు. లేచి నిలబడి నారి లాగాను. పెదవికి ఆనింది.

అప్పుడు నా కుడి భుజం వెనక నుంచి, "పేరు చెప్పుకుంటివా?" అని వినబడింది.

అంకుల్ గొంతు. గుసగుస కాదు, పెరట్లో అడిగినంత మామూలుగా. నాకు భయం వేయలేదు, చిరాకు వేసింది. ఇంత గట్టిగా మాట్లాడితే కణుజు పారిపోదా అనుకున్నాను. అది చెవి కూడా తిప్పలేదు. ఆకు కదిలినా చెవులు రిక్కించే జంతువు అది.

ఆత్రంలో బిస్మిల్లా అన్నానో లేదో నాకు గుర్తు రాలేదు. అనాలంటే నారి దించాలి. నెమ్మదిగా దించాను. ఆ కదలిక మాత్రం కణుజు చూసింది. నాలుగడుగులు వేసి గట్టెక్కి వెళ్లిపోయింది.

అది నిలబడ్డ చోటికి సరిగ్గా వెనక, ఫెర్న్ ఆకుల మధ్య ఒక ఊలు టోపీ కనిపించింది. అది ఖాదర్ అంకుల్‌ది.

వెనక్కి తిరిగి చూశాను. బండ తప్ప ఏమీ లేదు, మనిషి నిలబడే చోటే లేదు. మోకాలి లోతు నీళ్లలో పడి అవతలికి పరిగెత్తాను. ఆయన పొదల్లో కూలబడి ఉన్నారు. ఒళ్లంతా చెమట, కళ్లు తెరిచే ఉన్నా నన్ను గుర్తుపట్టలేదు. షుగరు పడిపోయింది. ఖర్జూరాల కోసం నన్ను వెతుక్కుంటూ వచ్చి అక్కడ కూలిపోయారన్నమాట. ఆయన బూట్లు పొడిగా ఉన్నాయి, వాగులో దిగనేలేదు.

ఒక్కొక్క ఖర్జూరమే నమిలించాను. చాలాసేపటికి తేరుకున్నారు.

"కొట్టినావా?" అన్నారు.

"లేదంకుల్."

"మంచి పని చేసినావు. పేరు చెప్పుకుంటివా అని అడిగితి కదా, నువ్వు పలకనే లేదు."

"ఎక్కడి నుంచి అడిగారు?"

ఆయన నన్ను వింతగా చూశారు. "నీ ఎనకాలే నిలబడుకోని ఉంటి కదప్పా."

అంతలోనే చుట్టూ చూసుకున్నారు. మధ్యలో ఉన్న వాగును, అవతల ఉన్న నా బండను చూశారు. ఆయన్ను కారు దాకా నడిపించి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

విల్లు ఆ తర్వాత అమ్మేశాను. ఆ గొంతు గురించి చాలా ఆలోచించాను. ప్రతిధ్వని అనుకుందామంటే, అవతల ఆయనకు నోరు పెగిలే స్థితే లేదు. కొన్ని నెలలుగా విన్న ప్రశ్న కాబట్టి నా మనసే ఆయన గొంతుతో అడిగిందని సరిపెట్టుకోవచ్చు. ఆయన కూడా నా వెనకే నిలబడి అడిగానని చెప్పకపోయి ఉంటే, నేనూ అలాగే సరిపెట్టుకునేవాణ్ణి.