సున్నాకి వచ్చిన ముల్లు

మా అక్క మొగుడు వాచీలు బాగుచేసేవాడు. ఒక్కో వాచీకి పది రోజులకి తక్కువ కాకుండా తీసుకునేవాడని మా సంఘంలో అందరూ ఆయన్ని తాపీ మేస్త్రి అనేవారు. ఆ పేరు పెట్టింది నేనే. బావమరిదిని కదా, ఆ మాత్రం చనువు ఉంటుంది. "గోడ కూలితే ఊరంతా చూస్తుంది. వాచీలో తప్పు నాకొక్కడికే తెలుస్తుందిరా, అందుకే ఆలస్యం," అనేవాడు.

మా సంఘం సంగతి చెప్పాలి. అంతరిక్షంలోకి వ్యోమగాములు కట్టుకెళ్లిన రకం చేతిగడియారాలంటే పడిచచ్చే పన్నెండుమందిమి. వాటికి బ్యాటరీ ఉండదు, కీ ఇస్తేనే నడుస్తాయి. పక్కన రెండు బటన్లు ఉంటాయి. పైది నొక్కితే పొడుగు సెకన్ల ముల్లూ, నిమిషాలు లెక్కపెట్టే చిన్న ముల్లూ బయల్దేరతాయి, మళ్లీ నొక్కితే ఆగుతాయి. కింది బటన్ నొక్కితే టక్కున సున్నాకి వచ్చేస్తాయి. లావుపాటి తొడుగు వేసుకున్న చేతికి కూడా అందాలని ఆ బటన్లు పెద్దవిగా, మొండిగా చేస్తారు. మాకు మోజంతా వాటి గీతల మీదా, వెలిసిపోయిన నలుపు మీదా. తళతళలాడే కొత్త వాచీతో వచ్చినవాణ్ణి ఆ ఆదివారమంతా ఆడుకునేవాళ్లం. నిజానికి మాలో ఎవరి వాచీ మేడ మెట్లకన్నా పైకి వెళ్లింది లేదు.

బావకి ఈ మోజు లేదు. మెట్ల కింద ఇరుకు గదిలో కొట్టు, స్క్రూలు దొర్లిపోకుండా అంచు కట్టిన బల్ల, కంటికి భూతద్దం, అంతే. చిన్నప్పుడు తలుపు సందులో నలిగిన కుడి బొటనవేలు వంగేది కాదు. బటన్లు నొక్కాలంటే చెక్కపుల్ల వాడేవాడు. అదీ ముందుగా వాచీ బొమ్మ గీసి, ఏ ముల్లు ఎక్కడుందో చీటీ మీద గుర్తు పెట్టుకున్నాకే. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ వరస తప్పలేదు.

ఒక మధ్యాహ్నం నేను కొట్లోకి వెళ్లేసరికి మా ఊరి బడి టీచరమ్మ బయటికి వెళ్తోంది. ఆవిడ భర్త ఒకే ఒక్కసారి అంతరిక్షంలోకి వెళ్లొచ్చి, జబ్బు చేసి పోయాడని మా అందరికీ తెలుసు. బల్ల మీద ఆయన వాచీ ఉంది. నిజంగా పైకి వెళ్లొచ్చిన వాచీ! బావ వెనక్కి వెళ్లి చేతులు కడుక్కుంటున్నాడు. అద్దానికి బీట ఉంది. చిన్న ముల్లు పదకొండు నిమిషాల దగ్గర, పొడుగు ముల్లు ఇరవై సెకన్ల దగ్గర ఆగి ఉన్నాయి. చేతిలోకి తీసుకున్నాను. బటన్ ఎలా పలుకుతుందో వినకుండా ఏ సేకరించేవాడి చెయ్యి ఊరుకుంటుంది? కింది బటన్ నొక్కాను. బిగుసుకుపోయి ఉంది. బలంగా నొక్కాను.

టక్. రెండు ముళ్లూ సున్నాకి వచ్చాయి.

బావ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చూశాడు. తిట్టలేదు. స్టూలు మీద కూలబడ్డాడు.

"అద్దం ఒక్కటే మార్చమందిరా. ముళ్లు ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పింది."

"పైన ఏదో లెక్కకి ఆపి ఉంటాడా?"

"పైన కాదు, మంచం మీద. ఈవిడ మందుల కొట్టుకి బయల్దేరినప్పుడు నొక్కాడట. తిరిగొచ్చాక ఆపి, పదకొండు నిమిషాలు నన్నొక్కణ్ణే వదిలేశావు అని విసుక్కున్నాడట. రెండు రోజులకి పోయాడు."

"పోనీ నడిపించి, మళ్లీ సరిగ్గా అక్కడే ఆపుదాం బావా. చీటీ గీశావుగా. ఎవరికి తెలుస్తుంది?"

"అప్పుడది మనం ఆపింది అవుతుందిరా. ఆయన ఆపింది కాదు."

మర్నాడు టీచరమ్మని పిలిపించి, నా ఎదురుగానే, "నా బొటనవేలు తగిలిందమ్మా, క్షమించండి," అన్నాడు. ఆవిడ ఆయన చేతుల వంక చాలాసేపు చూసింది. తర్వాత నా వంక చూసింది. వాచీ తీసుకుని వెళ్లిపోయింది. అద్దం కూడా మార్పించుకోలేదు.

"ఎందుకలా చెప్పావు?" అన్నాను.

"నా బల్ల మీదికి వచ్చింది నా పూచీ. నువ్వు ఊరుకో."

ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత సులువో అప్పుడే తెలిసింది. ఆ ఆదివారం సంఘంలో ఒకాయన, "విన్నారా, తాపీ మేస్త్రి కూడా తొందరపడ్డాడట," అన్నాడు. అందరూ నవ్వారు. నేను పెట్టిన పేరే. తల వంచుకుని టీ తాగాను. ఆ తర్వాత ఒక్కరూ ఆయనకి వాచీ ఇవ్వలేదు. రెండేళ్లు గోడ గడియారాలతో నెట్టుకొచ్చి కొట్టు మూసేశాడు. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని, ఖాళీ బల్ల మీద వేళ్లు కదుపుతూ ఉండేవాడు. "మీ బావకి ఏమైందిరా, నీతో ఏమైనా అన్నాడా?" అని అక్క ఎన్నోసార్లు అడిగింది. నీళ్లు నమిలాను. నేనంత పిరికివాణ్ణని నాకే అసహ్యం వేసేది, అయినా నోరు పెగల్లేదు.

మొత్తం తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. పోయిన నెల బావ పోయాడు. అక్క పనిముట్ల పెట్టె నాకిచ్చింది. అడుగున ఆ చీటీ ఉంది. పదకొండు దగ్గర ఒక ముల్లు, ఇరవై దగ్గర ఒక ముల్లు, కింద ఆయన రాత: 'ముట్టుకోరాదు.'

ఆ చీటీ పట్టుకుని టీచరమ్మ ఇంటికి వెళ్లాను. అలమరలో వాచీ అలాగే ఉంది, పగిలిన అద్దంతో, సున్నా దగ్గర ముళ్లతో. కూర్చోకుండానే చెప్పేశాను. "నొక్కింది నేనమ్మా. బావ కాదు."

"తెలుసు," అంది. "ఆ బటన్ నొక్కడానికి మా ఆయనకే రెండు వేళ్లు కావాల్సొచ్చేది. మీ బావగారి వేలు వంగనే వంగదు."

"మరి అప్పుడే అడగలేదేం?"

"ఆయన మిమ్మల్ని అంతగా కాచుకుంటుంటే ఎలా అడగను? నొక్కినవాళ్లే వచ్చి చెబుతారులే అనుకున్నాను. తొమ్మిదేళ్లు పట్టింది. మా ఆయన పదకొండు నిమిషాలకే విసుక్కున్నారు బాబూ."

చీటీ ఆవిడ చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని ఆ బొమ్మని వేలితో తడిమింది. మొహంలోకి కాస్త వెలుగు వచ్చింది.

"మీ బావగారు ఎంత ఒద్దికగా గీశారో. ఆయన్ని ఒకసారి తీసుకురండి. అద్దం ఆయన చేతే వేయించుకుంటాను. తప్పు ఆయనది కాదని నాకు ముందే తెలుసని కూడా చెప్పాలి."

బావ లేడన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అదీ నేనే చెప్పాల్సి వచ్చింది.