వాల్వు తిప్పేముందు

నిన్న కడపలో పంక్చరు షాపు ముందు నిలబడి ఉండగా, ఏదో లారీ చక్రంలోంచి గాలి బుస్సుమని బయటికొచ్చింది. అంతే, గబగబా గోడ చాటుకు జరిగాను. షాపతను నన్ను చూసి నవ్వాడు. నవ్వనీ. ఆ చప్పుడు వింటే నాకు సరస్వతి మేడమ్ గుర్తొస్తారు, ఆమెతో పాటు పాత గుబులూ లేస్తుంది.

కోడుమూరు దగ్గర రైతు కుటుంబంలో పుట్టిన మేడమ్ ఇక్కడ మా ప్రయోగశాలను నడిపేవారు. మా పని గురించి చెబితే బంధువులకు వింతగా ఉండేది. భూమి లోతుల్లోంచి తీసిన బొటనవేలంత రాతి ముక్కకు రబ్బరు తొడుగు వేసి, గొట్టంలో బిగించి, పంపుతో విపరీతమైన ఒత్తిడి పెట్టి, ఉప్పునీటినీ ముడి నూనెనూ దాని గుండా తోసేవాళ్ళం. ఎక్స్‌రే స్కానరు ఆ రాతి లోపలి బొమ్మలు తీసేది. నీళ్ళు ఏ సందుల్లో దారి చేసుకున్నాయో, నూనె ఎక్కడ చిక్కుకుపోయిందో తెర మీద కనిపించేది. తెర ముందు ఎంత ముచ్చటో, గొట్టం దగ్గరికి వెళ్ళాలంటే అంత వణుకు. బిగింపు వదిలిందంటే దాని ఇనుప మూత తుపాకి గుండులా దూసుకొస్తుంది.

నేను చేరిన రోజు, గొట్టం ఉండే స్కానరు గదికి బయట, ఎక్స్‌రే కిరణాలను ఆపే సీసపు తలుపు ముందు నన్ను నిలబెట్టి మేడమ్ అడిగారు. "చెప్పమ్మా, నీకు దేన్ని చూస్తే భయమైతాండాది?"

కొత్త ఉద్యోగం కదా, గొప్పకు పోయి "భయమేం లేదు మేడమ్" అన్నాను.

ఆమె తలుపు పక్కనున్న పంపు వాల్వు మీంచి చెయ్యి తీసేశారు. "అట్లయితే ఈ పొద్దు పని లేదు. ఇంటికి పో."

మర్నాడు ఆమే చెప్పారు. "మా నాయన బావులు తవ్విస్తా ఉండె. బండలో పెట్టిన మందుతూటా అంటించేముందు అందర్నీ గట్టు మీదికి పిలిచి, ఎవరికేం భయమో అడుగుతా ఉండె. ఒగ దినం తూటా పేలల్యా. నాకేం భయమని ఒగాయన దిగినాడు. మళ్ళా పైకి రాల్యా." ఆపైన నిన్నటి ప్రశ్నే మళ్ళీ అడిగారు.

ఆ ఎండాకాలం మా ల్యాబు ఉంచాలా, మూయాలా అని చూడటానికి పెద్దసార్లు వచ్చారు. వాళ్ళ ముందే పంపు నడిపాం, గొట్టంలో ఒత్తిడి పెరుగుతోంది. ఇంకేమైనా భయముందా అన్నట్టు మేడమ్ నావైపు చూశారు. పొద్దున రబ్బరు తొడుగు చేతికి మెత్తగా తగిలిందని చెప్పాను. ఆమె వెంటనే పంపు ఆపించారు. "అనిపించిందని ఆపేస్తారా?" అన్నాడు ఒక సారు. గొట్టం విప్పి చూస్తే తొడుగుకు ఏమీ కాలేదు. వాళ్ళు మొహాలు చిట్లించుకుని వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది. ల్యాబు మూసేస్తారేమోనని మేడమ్ కూడా భయపడ్డారు.

"ఈ పొద్దు నీ భయం ఉత్తదే," అన్నారు. "రేపు గూడా చెప్పల్ల."

మూసేయమని కాగితం ఎప్పుడొస్తుందో అని హడలిపోతూనే పని సాగించాం. ఒకరోజు ఒత్తిడి చూపే ముల్లు వణకడం మొదలైంది. స్కానరు నడిపే ఖాజా స్పానరు తీసుకుని లేచాడు. "మూత ఒక్కసారి బిగించి వస్తా మేడమ్."

మళ్ళీ అభాసుపాలవుతానేమో అనిపించింది. అయినా అన్నాను, "ఆయన లోపలికి పోతే నాకు భయంగా ఉంది మేడమ్."

మేడమ్ ఖాజా చెయ్యి పట్టుకుని ఆపి, పంపు ఆపించారు. ఒత్తిడి ఇంకా పూర్తిగా దిగనేలేదు, లోపల ఢామ్మని పేలింది. గొట్టం మూత వచ్చి సీసపు తలుపుకు లోపలి వైపు కొట్టుకుంది. ఖాజా స్పానరుతో సహా నేల మీద కూలబడ్డాడు. మేడమ్ ఆయన చెయ్యి చాలాసేపు వదల్లేదు.

ఎవరికీ దెబ్బ తగల్లేదని విన్న పెద్దసార్లు ఆ కాగితం పంపలేదు, ల్యాబు మూతపడలేదు. మేడమ్ ఇప్పుడు లేరు. ఆమె నిలబడిన చోట నేను నిలబడి, అందరినీ అడిగాకే వాల్వు మీద చెయ్యి వేస్తున్నాను. నా భయం మాత్రం పిసరంత కూడా తగ్గలేదు. అందరూ తమ భయం చెప్పాక, తల నెరిసిన ఖాజా తలుపుకు ఇవతల నిలబడి రోజూ గుర్తు చేస్తాడు.

"మేడమ్, మీదింకా చెప్పల్యా."