జాలీ గోళీ మీది సింధూరం

నాన్న దాచిన పాత గాజు గోళీ, మా జాలీ గోళీ, మారిపోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వదిన. నాన్న పోయి అప్పటికి నెల దాటింది. దేవేంద్ర నగర్ నుంచి ఆటోలో టాటీబంధ్‌లోని మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే చెప్పింది.

"మీ నాన్నగారి పాత గోళీ లేదమ్మా. డబ్బాలో ఉన్నది కొత్తదట. ఎవరో మార్సేసినారు."

"ఎవరు వదినా?"

"ఇంకెవరు? నాలుగేళ్లు ఆ గదిలో తిరిగిందెవరు?"

ఆమె అన్నది మేమంతా దీదీ అని పిలిచే ఆవిడని. నాన్నకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయాక ఆయన్ని చూసుకోవడానికి అన్నయ్య కుదిర్చిన మనిషి. రోజూ పక్కూరు తిల్దా నుంచి పొద్దున లోకల్ రైల్లో వచ్చి, స్నానం చేయించి, అన్నం తినిపించి, సాయంత్రం బండికి వెళ్లిపోయేది. హిందీ మనిషి, ఆమెకు తెలుగు రాదు. నాన్న నేర్పిన రెండు మాటలు మాత్రం వచ్చు: "అన్నం", "చాలు". ఆ రెండింటితోనే ఇద్దరూ గంటలకొద్దీ దెబ్బలాడుకునేవారు.

వదినను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి విషయం అడిగాను. పాత నాణేల ప్రదర్శన జరుగుతుంటే అన్నయ్య సరదాగా గోళీల డబ్బా పట్టుకెళ్లాడు. అక్కడ పాత గోళీలు కూడా చూసే వ్యాపారి ఒకాయన భూతద్దం పెట్టి చూసి, "చేత్తో చేసిన పాతదైతే అడుగున కోసిన గుర్తుండాలి. దీనికి లేదు. ఆ చోట ఏదో రంగు పూశారు. ఇది కొత్త సరుకు" అన్నాడట. ఇంటికొచ్చిన వెంటనే వదిన దీదీకి ఫోన్ చేసి, గోళీ తిరిగివ్వమని అడిగేసింది.

"ఏమంది?"

"ఏమీ అనలేదు. పెట్టేసింది. తప్పు చేయనిదైతే గట్టిగా అరవదా?" అని, వదిన అసలు సంగతి బయటపెట్టింది. "సోమవారం నుంచి మా వెనక వీధి డాక్టరుగారి అత్తగారిని చూసుకోడానికి ఈవిడే వస్తాది. మనిషెలాంటిదని వాళ్లు నన్నడగరా? అడిగితే అబద్ధం చెప్పమంటావా?"

కాలనీలో ఒక ఇంట్లో అలాంటి మాట పడితే తర్వాత ఏ ఇంటి తలుపూ తెరుచుకోదు. అది వదినకూ తెలుసు, నాకూ తెలుసు.

"సోమవారం దాకా ఎవరికీ ఏమీ చెప్పకు. ఆ డబ్బా నాకివ్వు."

"నీకేటి తెలుస్తాది?"

"నాకే తెలుస్తుంది వదినా."

అది బుధవారం. అంత ధీమాగా ఎందుకన్నానో చెప్పాలి. రెండు వేల ఒకటిలో, నాకు ఆరేళ్లప్పుడు, కీళ్లవాతపు జ్వరం వచ్చింది. గుండెకు మంచిది కాదు, పరుగెత్తనివ్వొద్దన్నారు డాక్టరు. బడి మాన్పించి నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. ఆయన రైల్వేలో వ్యాగన్లు పరీక్షించే ఉద్యోగి. డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని నా ముందు కూర్చునేవారు. ఎక్కాలకీ కూడికలకీ మా దగ్గరున్న సామాను ఈ గోళీల డబ్బానే. క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో పిల్లలు బాంటీ, అదే గోళీలాట, ఆడుతుంటే, గోళీకి గోళీ తగిలిన చప్పుడు నాకు కిటికీలోంచి వినపడేది. వాళ్లు విసిరే వాటిని నేను చదివాను. ఆ చదువుకు ఈ రోజుకీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

నాన్న వ్యాగను చక్రాన్ని ఎలా చూసేవారో గోళీనీ అలాగే చూడమనేవారు. ముందు వేలు, తర్వాతే కన్ను. "కన్ను తొందరపడుతుందమ్మా. వేలు తొందరపడదు." యంత్రంలో చేసిన గోళీ ఎటు తిప్పినా నున్నగా జారుతుంది. లోపల రంగురేకులు నిలబడినట్టుంటే పిల్లికన్ను. కాస్త ఆకుపచ్చ నీడతో, ఒళ్లంతా చిన్న చిన్న దెబ్బలుంటే సోడా సీసాలోంచి వచ్చింది. పైన పెట్రోలు పొరలా ఏడు రంగులు మెరిస్తే ఈమధ్య కాలం సరుకు. పాతకాలం చేతిపని అయితే, రంగుల గాజు కడ్డీ చివరను వేడిమీద మెలితిప్పి, గుండ్రంగా చేసి, కత్తిరించి తీస్తారు. కత్తిరించిన చోట చిన్న గరుకు మిగిలిపోతుంది. నాన్న దాన్ని గోళీ బొడ్డు అనేవారు.

మా డబ్బాలో అలాంటిది ఒక్కటే. లోపల వల అల్లినట్టు తెల్లటి దారాల జాలీ, దాని చుట్టూ మెలితిరిగిన పసుపు గీతలు. మా తాతగారు బొబ్బిలి వైపు నుంచి ఇక్కడికి పనికొచ్చిన కొత్తలో, ఒక దొర బంగ్లా తోట తవ్వుతుంటే దొరికిందట.

బుధవారం సాయంత్రానికి అన్నయ్య డబ్బా తెచ్చిచ్చాడు. మిగతా గోళీలన్నీ నాకు తెలిసినవే, ఒక్కొక్కటీ పలకరించినట్టే ఉంది. జాలీ గోళీ తీశాను. మసకగా, జిడ్డు పట్టి ఉంది. కింద నారింజ రంగు పెచ్చు. వేలు పెట్టి చూశాను. నున్నగా ఉంది. మళ్లీ చూశాను. బొడ్డు లేదు.

దీపం పెట్టి దేవుడి ముందు కూర్చున్నాను. దీదీ మంచిదని తేల్చమని అడగలేదు. ఉన్నది ఉన్నట్టు చూసే ఓపికనిమ్మని అడిగాను.

ఆ దీపం దగ్గరే, దేవుడి పటాల బొట్లు చూస్తుంటే తట్టింది. అన్నయ్యకు ఫోన్ చేశాను.

"నాన్న మంచాన పడ్డాక విశ్వకర్మ పూజ రోజు గోళీలకు బొట్టెవరు పెట్టేవారన్నయ్యా?"

పనిముట్లను కొలిచే ఆ రోజు మా ఇంట్లో నాన్న తన సుత్తి, చేతిదీపం, గోళీల డబ్బా వరసగా పెట్టి పూజ చేసేవారు. మిగతా గోళీలకు ఎక్కడ పెట్టినా, జాలీ గోళీకి మాత్రం సరిగ్గా బొడ్డు మీద కుంకుమ పెట్టేవారు. మర్నాడు తుడిచేసేవారు.

"చివర్లో దీదీయే పెట్టేది బుల్లీ," అన్నాడు అన్నయ్య. "నాన్నకి చెయ్యి వణికేదిగా. వాళ్ల ఊరి హనుమాన్ మందిరం నుంచి సింధూరం తెచ్చి నూనెలో కలిపేది. పూజరోజనేముంది, ప్రతి మంగళవారం పెట్టేది. నాన్నకి నయం కావాలని."

"తుడిచేదా?"

"దేవుడి సింధూరం ఎవరు తుడుస్తారు?"

నాలుగేళ్ల మంగళవారాలు. నూనె, సింధూరం, మళ్లీ నూనె. హనుమంతుడి విగ్రహం మీద పొర మీద పొర రాయిలా గట్టిపడినట్టే ఈ గరుకులోనూ గట్టిపడి ఉండాలి. ఉండాలి అనుకోవడం వేరు, చూడటం వేరు.

గురువారం నుంచి మొదలుపెట్టాను. గోరువెచ్చటి నీళ్లలో కుంకుడు రసం వేసి నానబెట్టడం, మెత్తటి గుడ్డతో తుడవడం, చీపురు పుల్ల చివరతో పెచ్చును తట్టడం. వేడి నీళ్లు పోస్తే గాజు చిట్లుతుంది. మావారు చూసి చూసి అన్నారు, "పిన్నీసుతో ఓ గీకు గీకరాదూ, తేలిపోతుంది."

"గాజు మీద ఇనుము పెడితే నాన్న లేచొస్తారు."

"వస్తే ఆయన్నే అడుగుదాం," అన్నారు నవ్వి. కానీ ఆ సాయంత్రం వంట తనే చేశారు.

శుక్రవారం నీళ్లు నారింజ రంగు తిరిగాయి, అంతే. శనివారం మధ్యాహ్నం పెచ్చు అంచు లేచింది. పుల్లతో కదిపితే బఠానీ పొట్టులా ఊడి నీళ్లలో పడింది. గోళీ తుడిచి, కళ్లు మూసుకుని వేలు పెట్టాను. గరుకు. చిన్నప్పుడు తగిలిన గరుకు.

అక్కడితో ఆగలేదు. ఇప్పుడు చేత్తో చేసే కొత్తవాటికీ బొడ్డు ఉంటుంది. ఇది మాదేనని తేల్చే గుర్తు ఇంకొకటుంది. పసుపు గీతలు పంతొమ్మిది. చిన్నప్పుడు ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాకు పద్దెనిమిదే వచ్చేవి. నాన్న కోప్పడకుండా మళ్లీ లెక్కపెట్టమనేవారు. మూడో రోజుకు కనిపెట్టాను. ఒకచోట రెండు గీతలు అతుక్కుని, కింద వెంట్రుకవాసి విడిపోతాయి. జిడ్డు పోయిన గోళీని కిటికీ వెలుతురులో పెట్టి భూతద్దంతో తిప్పాను. విడిపోయిన చోటు దొరికింది.

ఆదివారం పొద్దున్నే దేవేంద్ర నగర్ వెళ్లాను. ఏమీ చెప్పకుండా గోళీ, భూతద్దం వదిన చేతిలో పెట్టి గీతలు లెక్కపెట్టమన్నాను.

"పద్దెనిమిది."

"మళ్లీ లెక్కపెట్టు వదినా."

"ఏటిది, నాకు బడి పెట్టినావా?" అంటూనే కూర్చుంది. నాలుగోసారికి ఆమె వేలు ఆగింది. అప్పుడు పంతొమ్మిదో గీత కథ, సింధూరం కథ చెప్పి, కాగితంలో దాచిన పెచ్చు చూపించాను. వదిన పెచ్చును మళ్లీ కాగితంలో మడిచి నా చేతిలో పెట్టింది.

"డాక్టరుగారింట్లో ఏమీ అనలేదు. ఒట్టు," అంది.

"దీదీతో అన్నావుగా."

"ఫోన్ చేయనా?"

"ఫోన్లో అన్న మాట ఫోన్లో పోదు. పద."

మధ్యాహ్నం లోకల్లో తిల్దా వెళ్లాం. స్టేషన్ దాటగానే రైసుమిల్లుల ఊకదుమ్ము. ఇల్లు అడుగుతూ వెళ్లాం. దీదీ వాకిట్లో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచింది కానీ రమ్మనలేదు. వదిన తన వచ్చీరాని హిందీలో, తప్పు నాదే అంది. నేను గోళీ చూపించి జరిగిందంతా చెప్పాను.

దీదీ గోళీ తీసుకుని తిప్పి చూసింది.

"సింధూరం మొత్తం తీసేశారా?"

"తీయాల్సి వచ్చింది దీదీ."

"అందులో నాలుగేళ్ల దండాలున్నాయి," అంది. కోపంగా కాదు. తర్వాత వదిన వైపు తిరిగి, "నేను ఫోన్లో ఎందుకు మాట్లాడలేదో తెలుసా? ఏడుస్తున్నా. అరవడానికి గొంతు రాలేదు" అంది.

వదిన చాటలోని బియ్యం ముందు కూర్చుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. దీదీ ఒక నిమిషం చూసి పక్కన కూర్చుంది. మాకు అన్నం పెట్టింది. వదిన విస్తట్లో మూడోసారి వడ్డించబోతే, "చాలు" అంది వదిన. దీదీ నవ్వింది.

సోమవారం దీదీ డాక్టరుగారింట్లో పనికి వెళ్లింది. ఆ పెచ్చును పారేయలేదు. నాన్న సుత్తి పక్కన, కాగితంలోనే ఉంది. జాలీ గోళీకి ఇప్పుడు పొడి కుంకుమే పెడతాను, బొడ్డుకు పక్కగా. మర్నాడు తుడుస్తాను.

ఇది చదివినవారిని ఒక్కటే అడుగుతున్నాను. మీ ఇంట్లో రేపు దీపం పెట్టేటప్పుడు, తనవాడు కాని ముసలాయన కోసం నాలుగేళ్లు మంగళవారం మంగళవారం సింధూరం మోసుకొచ్చిన తిల్దా మనిషిని ఒకసారి తలుచుకోండి.