మడతలో పోయిన వాగు

గుడ్డ అతికించిన పాత నక్షాలకు ఒక వాసన ఉంటుంది: సగం జిగురు, సగం చెమ్మ. స్కానింగ్‌కు పంపడానికి వారం రోజులుగా వాటినే విప్పుతున్నాను; తుమ్ములకు కొదవ లేదు. గోదావరి కొండల మధ్య ఇరుకైపోయే చోటి నుంచి మా బొగ్గు గనుల దాకా ప్రతి మిట్టా, ప్రతి వాగూ ఎవరో చేత్తో గీసినవే. వాటిని చదవడం నాకు నేర్పింది మా సర్వే ఆఫీసు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ లింగయ్య సార్. రోజూ పాల్వంచ నుంచి బస్సులో వచ్చేవారు. డిగ్రీ చదివిన నాకు ఈయన నేర్పేదేముంటుందని మొదటి నెల అనుకున్నాను. రెండో నెల అనుకోలేదు.

గని విస్తరణ కోసం అడవి అంచున ఉన్న ఒక కోయగూడేన్ని తరలించాలి. పాత నక్షా చూసి కొత్త ఇళ్ల స్థలానికి ప్లాను గీసే పని నాకిచ్చారు. గీశాను, అది పై ఆఫీసుకు వెళ్లిపోయింది కూడా. తర్వాత సార్ నా బల్ల దగ్గర ఆగి, పాత నక్షా మీద వేలు పెట్టారు.

“ఇదేందిరా?”

“మడత సార్. అరిగిపోయింది.”

“మడతకు నీలం రంగు ఎవడేసిండు?”

సరిగ్గా మడత వెంబడే, నేను కొత్త ఇళ్లు గీసిన చోటి గుండా ఒక వాగు గీత, సగం చెరిగిపోయి ఉంది. మర్నాడు ఇద్దరం అక్కడికి వెళ్లాం. ఎండాకాలం, చుక్క నీరు లేదు. నాకు కాస్త ధైర్యం వచ్చింది. కానీ అక్కడి ముసలివాళ్లను అడగనిదే సార్ ఏ నక్షానూ నమ్మరు. గూడెం నుంచి ఒక అవ్వను అక్కడికే పిలిపించి, “వానకాలం గిక్కడ నీళ్లెంత వస్తయవ్వా?” అన్నారు. ఆమె తన నడుము మీద చెయ్యి పెట్టి చూపించింది. “మీ కాగితం తడ్వది బిడ్డా. మా పిల్లలు కొట్కపోతరు.”

పై ఆఫీసులో సార్ ఒకటే మాట చెప్పారు: “తప్పు నాది సార్. చూపు తగ్గింది, గీత ఆనలే.” నేను పక్కనే ఉన్నాను, నేలను చాలా శ్రద్ధగా పరిశీలించాను. ఇళ్ల స్థలం మిట్ట మీదికి మారింది. సార్‌కు మెమో వచ్చింది. రావలసిన ప్రమోషన్ రాలేదు.

“ఎందుకట్ల చెప్పిన్రు సార్?” అని బయట అడిగాను.

“నీ నౌకరి ఇంక పర్మినెంట్ కాలే. నేనెట్లయినా ఏడాదిల పోయేటోణ్ని. నడువ్, చాయ్ తాగుదాం.”

ఆయన వీడ్కోలు సభనాటికి నా నౌకరీ పర్మినెంట్ అయింది. భయపడాల్సిన పని లేదు. నిజం చెప్పేద్దామనే లేచాను. నవ్విస్తాడని నాకు పేరు. అందరూ అప్పటికే సగం నవ్వుతున్నారు. “సార్‌కు చూపు తగ్గిన మాట నిజమే. లేకపోతే నన్ను పనిమంతుడనుకుంటారా?” అన్నాను. హాలంతా నవ్వింది. అందరికన్నా ముందు నవ్వింది సారే.

ఆయన పోయి చాలా కాలమైంది. గూడెం మిట్ట మీద క్షేమంగా ఉంది. నా సర్వీసు పుస్తకంలో ఇప్పటికీ ఒక్క మెమో లేదు. మోయడానికి బాగా బరువు.