మేడ మీద తెగిన పోగులు

నేను నేత నేర్చుకున్నది ఆదోనిలో, ఒక శిక్షణ షెడ్డులో, వానాకాలంలో. చట్రానికి బిగించిన మగ్గం, ఎత్తు పీట. నిటారుగా కూర్చుని నేసేవాణ్ణి. నాకు ఆ కూర్చోవడం నచ్చింది. ఆ వానాకాలమే నన్ను మోసం చేసిందని తర్వాత తెలిసింది.

రెండో ప్రపంచయుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. అంతకు ఒక తరం ముందు, ఆదోని స్టేషన్లో దిగిన నూలు మూటలు మా తాతగారి బండ్లమీద ఎమ్మిగనూరు చేరేవి. నేతగాళ్ళు మా అరుగు కింద నిలబడి నూలు తీసుకునేవారు. నా కాలానికి బండ్లూ లేవు, ఎద్దులూ లేవు. ఎమ్మిగనూరులో మేడ ఒక్కటి మిగిలింది. ఒకరి కింద గుమాస్తాగా చేరడం నా వల్ల కాదు గనక మగ్గం పెట్టుకున్నాను. మగ్గానికి నిలువుగా ఎక్కించే పడుగు నూలు అడగడానికి, ఒకప్పుడు మా అరుగు కింద నిలబడిన ఒక ముసలి నేతగాని ఇంటికే వెళ్ళాను.

ఆయన కాళ్ళు గుంటలో పెట్టి నేలమీద కూర్చుని నేస్తున్నాడు. మగ్గం పోగులు గుంటకు జానెడు పైన సాగి ఉన్నాయి.

"ముందు గుంట తవ్వుకోండి సామీ," అన్నాడు.

"మా ఇంట్లో ఎవరూ గుంటలో కాలు పెట్టి పని చెయ్యలేదు తాతా. నా మగ్గం మేడ మీద ఉంది."

"ఏం, కాలు పెడితే వంశం మునిగిపోతాదా?" నవ్వాడు. తువ్వాళ్ళ పడుగు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. "నెల దినాల్లో నేసి తెస్తే ఇంకోటి ఇస్తా. నూలు పాడుసేస్తే మల్లా నా గడప తొక్కొద్దు. ఇది మీ తాత పెట్టిన నియమమే, నాది గాదు."

నాకు చురుక్కుమంది. ఆ పడుగు చెడితే ఊళ్ళో ఇంకెవరూ నాకు నూలు ఇవ్వరని ఇద్దరికీ తెలుసు.

ఫాల్గుణ మాసం. మేడ గదికి నాలుగు పక్కలా కిటికీలు, ధారాళంగా గాలి. పొద్దున నేత బాగానే సాగేది. ఎండ ఎక్కగానే టక్కున ఒక పోగు తెగేది. ముడి వేసేలోగా ఇంకోటి. పక్కన కండెలు చుట్టే నా భార్య రెండు రోజులు ఓర్చుకుని, "మీరు నేసేది తువ్వాలా, జపమాలా?" అంది.

నూలు మంచిది కాదన్నాను. గంజి పలుచనన్నాను. గంజి చిక్కగా పెడితే పోగులు పుల్లల్లా విరిగాయి. పది రోజులు గడిచాయి, రెండు మూరలైనా సాగలేదు.

ఆ మరునాడు మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాయి. మధ్యాహ్నమంతా ఒక్క పోగూ తెగలేదు! అడ్డపోగు నడిపే నాడెను పక్కన పెట్టి పడుగు పోగుల్ని వేలితో తడిమాను. నూలు అదే, గంజి అదే, చెయ్యి అదే. మారింది గాలి ఒక్కటే.

నమ్మబుద్ధి కాలేదు. తడిసిన కాగితం ఇట్టే చినుగుతుంది గదా, దారం చెమ్మగిల్లితే ఎందుకు గట్టిపడుతుంది? ఎండ తిరిగి వచ్చాక మా పాత త్రాసు పళ్ళెం ఒకటి దూలానికి పోగుతో వేలాడదీసి, తులం గుండ్లు ఒక్కొక్కటే వేశాను. తెగింది. అదే కండెలోని ఇంకో పోగును తడిబట్ట కింద కాసేపు ఉంచి మళ్ళీ వేశాను. మొదటిది తెగిన బరువు దాటింది, ఇంకో గుండు, ఇంకోటి!

"మోస్తోంది, మోస్తోంది!" అని అరిచాను.

"నిదానం, కాలిమీద పడతాయి," అంది నా భార్య. కానీ తరువాతి పోగు తనే కట్టింది. పదిసార్లు చేశాం. చెమ్మ పోగు ఒక్కసారి కూడా ఓడలేదు.

పత్తి పీచు గాలిలోని చెమ్మను తాగి ఉబ్బుతుంది. ఉబ్బిన పీచులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. వేడెక్కిన గాలికి దాహం ఎక్కువ, అది పోగులోని చెమ్మను పీల్చేస్తుంది. అప్పుడు పోగు పెళుసుబారుతుంది. ఇదంతా తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆవేళ నాకు తోచింది ఒకటే. ముందు గుంట తవ్వుకోమన్న ముసలాయన గుంటలో ఏముంది?

గాలిలో చెమ్మ ఉంటే ఉప్పే చెబుతుందని, రెండు చిట్టి మూకుళ్ళలో రాళ్ళుప్పు పోసి, ఒకటి మేడమీద ఉంచి, రెండోది పట్టుకుని ఆయన ఇంటికి పరుగున వెళ్ళాను. గుంటలో పెట్టనివ్వమని అడిగాను.

"ఏం సామీ, నా గుంటకు దిష్టి తీస్తాండారా?"

సాయంత్రానికి గుంటలోని ఉప్పు వేలికి అంటుకునేంత చెమ్మగిల్లింది. మేడమీది ఉప్పు గలగలలాడుతోంది. గుంట అడుగున నేల చెమరుస్తూ, పైన పోగుల్ని తడుపుతోంది! మేడమీద తడి గోనెలు కట్టి చూశాను, గాలికి అవి గంటలో ఎండిపోయాయి. ఇక సందేహం లేదు. కింది గదిలో గడ్డపార వేశాను. ఊరు చూస్తుందని తలుపు వేసుకోలేదు. రెండు రోజుల్లో గుంట పూర్తయింది, మగ్గాన్ని మేడ మీంచి దించి దానిపైన బిగించాను. మిగిలిన పడుగు ఎండాకాలపు మిట్టమధ్యాహ్నాల్లో కూడా నీళ్ళలా సాగింది.

గడువు రోజున తువ్వాళ్ళు తీసుకెళ్ళాను. ముసలాయన చూడకుండానే వేళ్ళతో తడుముతూ పోయి ఒకచోట ఆగాడు. "ఈడిదాకా మేడ. ఈడినుంచి గుంట."

నేను ఉప్పు గురించి, తులం గుండ్ల గురించి గడగడా చెప్పాను. ఆయన నాడె పక్కన పెట్టి విన్నాడు.

"మా నాయన తవ్వినాడని నేనూ తవ్వినా. ఎందుకని అడగల్యా," అన్నాడు. తువ్వాలును మళ్ళీ ఒకసారి తడిమి, "పట్టు గూడా అంతేనా సామీ?" అన్నాడు.

"తెలియదు తాతా."

లేచి లోపలికి పోయి రెండో పడుగు తెచ్చాడు. దానిమీద నాలుగు పట్టుపోగులు పెట్టి నా చేతికిచ్చాడు.

"పడుగు నిదానంగా నేయండి. వీటికి మాత్రం ఈ పొద్దే బరువు కట్టి సూసి, నాకు సెప్పిపోండి."