నీళ్లు అడగమన్న పెద్దమ్మ

పోయిన నెలలో ఒక మంగళవారం, వనపర్తి ఆసుపత్రిలో వార్డు పని ముగించుకుని టీ తాగుతుండగా మా ఆయన ఫోన్ చేశాడు. "పెద్దమ్మ పోయింది" అన్నాడు. గద్వాల దవాఖానలో నాలుగు రోజులుండి, పట్టుబట్టి ఇంటికి వచ్చి, రెండో రోజు పొద్దున రొట్టె తిని కూర్చున్న చోటే ఆమె కన్నుమూసింది.

ధరూర్ దగ్గరి మా చిన్న సంఘానికి ఆమె ముప్పై ఏళ్లకు పైగా బైబిలు స్త్రీ. ప్రసంగ వేదిక ఎక్కేది కాదు. ఇల్లిల్లూ తిరిగి, రోగుల మంచాల పక్కన కూర్చుని, బాలింతలను పలకరించి, అడిగిన వాళ్ల కోసం ప్రార్థన చేసి రావడం ఆమె పని. పసిపిల్లల నుంచి పాస్టరుగారి దాకా అందరికీ పెద్దమ్మే. మా పుట్టిల్లు మానవపాడు. సామ్యేలును పెళ్లి చేసుకుని అత్తగారి ఊరికి వచ్చిన కొత్తలో, నాకు తోడుగా వచ్చి గడప మీద కూర్చున్న మొదటి మనిషి ఆమే.

ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్న మనిషి. వేలు పెట్టి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివేది. బైబిలులోని ఊళ్ల గురించి పక్క మండలం గురించి చెప్పినట్టు చెప్పేది. "ఎఫెసు దాటినంక పౌలుకు మళ్ల పరేషాన్ మొదలైంది" అంటుంటే, మా చిన్నపిల్లలు ఎఫెసుకు గద్వాల నుంచి బస్సుంటుందనే అనుకునేవారు. ప్రార్థన మాత్రం పొట్టిగా చేసేది. ఎవరైనా గంటసేపు సాగదీస్తే, బయటికి వచ్చాక నెమ్మదిగా అనేది: "దేవునికి చెవులు మంచిగనే ఉన్నయి బిడ్డా. చెప్పిందే ఎన్నిసార్లు చెప్తరు?"

పెళ్లయినప్పటి నుంచి నాకూ సామ్యేలుకూ ఒకటే ఆలోచన. సముద్రం దాటి, మన అవసరం ఉన్న చోటికి వెళ్లి పనిచేయాలని. ఆయన గద్వాలలో మోటార్లకు వైండింగు చేస్తాడు, బోరింగులు బాగుచేస్తాడు. నేను నర్సును. ఆఫ్రికాలో మలావి అనే దేశంలో ఒక పల్లె సంఘం వాళ్లు, ముందు వచ్చి ఆరు వారాలు ఉండి చూడండి, ఆ తర్వాతే ఏ మాటా ఇవ్వండి అన్నారు. ఈ సంవత్సరం మార్చిలో బయలుదేరాం.

వెళ్లే ముందు పెద్దమ్మకు చెప్పడానికి పోతే, సామ్యేలు ఫోనులో మ్యాపు చూపించాడు. ఆమె మ్యాపు చూడలేదు. అక్కడ వానలెట్లుంటాయి, ఏం పండుతుంది అని అడిగింది. మక్కలు, పల్లి అని చెప్పాడు. "పల్లి పండుతదా? అయితె మన లెక్కనే ఉంటరు తియ్" అంది. నేను మా పెట్టెల గురించి చెప్పాను. మందులు, బట్టలు, పిల్లలకు బొమ్మల పటాలు, బిస్కెట్లు సర్దుకున్నాం. అంతా విని ఆమె ఒక్క మాటే చెప్పింది.

"ఆడికి పోంగనే ఇయ్యనీకె తొందరపడకుండ్రి. మొదలు ఎవరింటికన్న పోయి మంచినీళ్లు అడుగుండ్రి."

నేను తలూపాను గానీ లోపల నవ్వుకున్నాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అక్కడి నీళ్లు ఎలా ఉంటాయో, కాచి తాగాలో వద్దో, నర్సును నాకు తెలియదా అనుకున్నాను. సముద్రం చూడని ముసలామెకు విదేశం గురించి ఏం తెలుసని అనుకున్నాను.

మలావిలో మొదటి మూడు వారాలు పెద్దమ్మ చెప్పినదానికి సరిగ్గా ఎదురు చేశాం. పెట్టెలు విప్పి పంచాం. ఆ ఊరి ఆడవాళ్లు మోకాళ్లు కాస్త వంచి, మెల్లగా చప్పట్లు తట్టి కృతజ్ఞత చెప్పేవారు. అది వాళ్ల మర్యాద. ఆ తర్వాత ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయేవారు. నేను పాట నేర్పితే పాడేవారు. కూర్చోమంటే కూర్చునేవారు. ఒక్కరు కూడా తమంతట తాము వచ్చి నాతో మాట్లాడేవారు కాదు. సామ్యేలు చెడిపోయిన బోరింగు విప్పి కూర్చుంటే దూరం నుంచి చూసేవారు. మేం ఎందుకు వచ్చామో మాకే తెలియని రోజులు కొన్ని గడిచాయి. ఆయన మీద నేను, నా మీద ఆయన విసుక్కునేవాళ్లం.

నాలుగో వారంలో నాకు మలేరియా వచ్చింది. సామ్యేలు మందుల కోసం పట్నం వెళ్లాడు. ఆ మధ్యాహ్నం జ్వరం ఎక్కువై, లేవబోయి గుమ్మంలో పడిపోయాను. ఎదురింటి ఆమె వాకిట్లో పల్లికాయలు ఒలుస్తోంది. ఆమె పేరు చికొండి. నాకు గుర్తున్న వాళ్ల మాట ఒకటే, నీళ్లను వాళ్లు "మాద్జి" అంటారు. ఆ మాటే అన్నాను. చేట పక్కన పెట్టి ఆమె పరుగెత్తుకొచ్చింది. నా తల ఒళ్లో పెట్టుకుని చెంబుతో తాపింది. సామ్యేలు వచ్చేవరకు నుదుటికి తడిగుడ్డ వేస్తూ, నాకు అర్థం కాని మాటలు చెబుతూ కూర్చుంది. తర్వాత మూడు రోజులు మా పొయ్యి వెలగలేదు. మక్కపిండితో చేసిన, అచ్చం మన సంకటి లాంటిది ఆమే తెచ్చి తినిపించింది.

లేచి తిరిగేనాటికి ఊరు మారిపోయినట్టుంది. ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకుని నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. చికొండి తన మోకాలి నొప్పి చూపించి నవ్వింది. మగవాళ్లు బోరింగు దగ్గర సామ్యేలు పక్కన చేరి తలో చెయ్యి వేశారు. రెండు వారాలు ఎలా గడిచాయో తెలియదు.

తిరిగి వచ్చిన ఆదివారం ఆరాధన తర్వాత సాక్ష్యం చెప్పమన్నారు. నాగర్‌కర్నూల్ నుంచి కూడా ఇద్దరు సంఘ పెద్దలు వచ్చారు. మమ్మల్ని శాశ్వతంగా పంపాలా వద్దా అన్నది ఆరోజు తేలాలి. వాళ్లలో ఒకాయన, ఎన్ని సభలు పెట్టారు, ఎంతమంది ప్రభువును అంగీకరించారు అని అడిగారు. సామ్యేలు నావైపు చూశాడు. నేను లేచి, దాచకుండా చెప్పాను. సభలు పెద్దగా జరగలేదని, జ్వరంతో పడిపోయానని, ఒకామె నీళ్లు తాపి బతికించిందని. ఆ పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, అంత దూరం వెళ్లి వీళ్లు చేసిన సేవ ఏమిటో తనకు అర్థం కావడం లేదన్నారు. నిలబడిన చోటే భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

అప్పుడు ఆడవాళ్ల వరసలో నుంచి పెద్దమ్మ లేచింది. ఆమె మందిరంలో ఎన్నడూ పెద్దగా మాట్లాడింది లేదు.

"మీకెవ్వరికీ తెల్వని సంగతి ఒకటి చెప్త" అంది. "నాకు ఇరవై ఏండ్లప్పుడు మేస్త్రీ ఎంబడి గుజరాత్ దిక్కు కాల్వ పనికి పోయినం. నాకు రెండేండ్ల ఆడపిల్ల. వాంతులు, బేదులు పట్టుకున్నయి. గుడిసెల నీళ్లు గూడ లెవ్వు. పిల్లను ఎత్తుకొని ఎదురుగ కనపడ్డ ఇంటికి పోయిన. నా బాస ఆమెకు రాదు, ఆమె బాస నాకు రాదు. నీళ్లు అని చెయ్యి చూపించిన. ఆమె నా చేతులకెల్లి పిల్లను తీసుకొని ఒళ్లె పండవెట్టుకున్నది. రెండు దినాలు చెంచతోని నీళ్లు పోసింది. మూడో దినం పిల్ల ఆమె ఒళ్లెనే పోయింది."

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

"కూలోళ్ల పిల్లను మా ఊర్ల బొంద పెట్టొద్దన్నరు అందరు. ఆమె తన చేను గట్టు మీద తావు చూపెట్టింది. ఆమెకు యేసయ్య పేరు తెల్వదు. అప్పటికి నాకూ తెల్వదు. గాని ఆయన ఆ ఇంటికి నాకంటె ముందే పోయి కూసున్నడు. ఈ పిల్లలు గూడ దేవుణ్ణి మోసుకపోనీకె పోతలేరు. ఆయన ఆడ ఏ ఇంట్ల ఉన్నడో చూడనీకె పోతున్నరు. పంపుండ్రి."

కూర్చుంది. కాసేపటికి ఆ పెద్దాయన లేచి, అద్దాలు పెట్టుకోకుండానే, ప్రార్థన చేద్దాం అన్నారు. ఆయన ప్రార్థన ఆ రోజు చాలా పొట్టిగా ఉంది.

ఆ సాయంత్రం ఆమె గుడిసెకు వెళ్లాను. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. పొయ్యి ఊదుతూ, చెప్పుకుంటే అందరూ తనను చూసి జాలిపడతారని, నీళ్లు పోసిన ఆమెను మరిచిపోతారని అంది. కాసేపటికి తనే, "పేరు అడుగుడు మర్శిన బిడ్డా" అంది. "రోజూ ఆమె కోసం ప్రార్థన చేస్త. ఆ ఇంటామె అని చెప్త దేవునికి. ఆయనకు తెలుస్తది గాని, నాకే తెల్వకపాయె."

వానాకాలం మొదట్లో పెద్దమ్మకు ఆయాసం పట్టింది. దవాఖానలో చేర్చిన రెండో రోజు సెలవు పెట్టి వెళ్లాను. మా ప్రయాణానికి అప్పటికే రోజులు దగ్గరపడ్డాయి. ఆమె కోలుకున్నాక వెళ్తామని చెప్పాను. ఆమె దాని సంగతి ఎత్తలేదు. మలావిలో నాకు నీళ్లిచ్చిన ఆమె పేరు మళ్లీ చెప్పమంది.

"చికొండి" అన్నాను.

"చికోడి."

"చికొండి, పెద్దమ్మా."

నాలుగైదు సార్లు అని చూసుకుంది. పేరు సరిగ్గా నోటికి వచ్చాక కళ్లు మూసుకుని, ఆమెకు మోకాలి నొప్పి తగ్గాలని ప్రార్థన చేసింది. నేను ఎప్పుడో మాటల్లో చెప్పిన నొప్పి అది. నాకే గుర్తులేదు. తర్వాత కళ్లు తెరిచి, "మీరు ఆగకుండ్రి. నా కోసం ఆగితె నాకే బరువైతది" అంది. ఆమె నాతో అన్న చివరి పెద్ద మాట అదే.

మేం వచ్చే నెల బయలుదేరుతున్నాం. ఈసారి పెట్టెలు తక్కువ.

పెద్దమ్మను బొంద పెట్టిన రోజు వాన వెలిసింది. శవపెట్టెను భుజాల మీద మోసుకుంటూ పొలాల దారిన పోతున్నాం. రోడ్డు పక్క మళ్లలో బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు నాట్లు వేస్తున్నారు. పది పన్నెండు మంది మగవాళ్లు. వాళ్లలో ఒకతను తలెత్తి, పాస్టరమ్మ చేతిలోని పెద్దమ్మ ఫొటో చూశాడు. ఏదో అరిచాడు. అందరూ చేతుల్లోని నారు మడిలోనే వదిలేసి గట్టెక్కి వచ్చారు. దవాఖానలో చేరడానికి ముందు పదిహేను రోజులు వాళ్లున్న షెడ్డుకు పెద్దమ్మ మామిడికాయ తొక్కు తీసుకుని వెళ్తూ ఉండేదని, జ్వరమొచ్చిన ఒక పిల్లవాడి పక్కన మధ్యాహ్నమంతా కూర్చుందని, వచ్చీరాని హిందీలో వాళ్లు చెబితే మాకు తెలిసింది. మాలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు.

మేము కూడా మోస్తామని సైగ చేశారు. మా పెద్దలు ఒక క్షణం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. సామ్యేలు తన భుజం తప్పించి చోటిచ్చాడు. మోకాళ్ల దాకా బురదతో వాళ్లు ఆమెను చివరిదాకా మోశారు. పెట్టెను దించినప్పుడు, పైన కప్పిన తెల్లబట్ట మీద ఒక బురద చేతి అచ్చు, అయిదు వేళ్లతో, ఇంకా తడిగా ఉంది. పాస్టరమ్మ కొంగుతో తుడవబోయి, ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది.