నీళ్ళొస్తే మోగే బజరు

తొంభైల మొదట్లో యలహంకలో మేమున్న వఠారంలో నాలుగిళ్ళకు ఒకటే కొళాయి. నీళ్ళు రోజు మార్చి రోజు, మధ్యాహ్నం ఎప్పుడో ఒకప్పుడు వచ్చేవి. వస్తే అరగంట. కొళాయి తిప్పి ఉంచి కాచుకోవాలి. ముందు ఎవరు చూస్తే వాళ్ళ బిందెలు ముందు నిండేవి. మా ఇంట్లో ఆ కాపలా కొత్త కోడలినైన నాది.

ఏడో తరగతితో నా బడి ఆగింది. తర్వాత నేర్చిందంతా లైబ్రరీలోనే. అక్కడ తెలుగు పుస్తకాలు ఒక్క అరలో ఉండేవి. అవి అయిపోయాక, అంగళ్ళ బోర్డులు చూసి నేర్చుకున్న కన్నడతో కన్నడ పుస్తకాలు పట్టాను. ఒకరోజు గడప మీద కూర్చుని పిల్లల సైన్సు పుస్తకం చదువుతున్నాను. తలెత్తేసరికి పక్కిళ్ళ బిందెలన్నీ నిండాయి, కొళాయి చుక్కలు రాలుస్తోంది.

"నీళ్ళు నీ ముందరే వచ్చిపోయినా తెలీలేదంటే, దాంట్లో అంత ఏముండాదమ్మే?" అంది మా అత్త.

"కరెంటు గురించి అత్తా."

"అయితే ఈ పూట బియ్యం కరెంటుతోనే కడుగు."

నా లైబ్రరీ కార్డు తీసి బియ్యం డబ్బాలో దాచింది. ఇంకోసారి నీళ్ళు తప్పితే అది పొయ్యిలోకేనంది.

పుస్తకం మూసి కొళాయి మూతి చూస్తూ కూర్చోవచ్చు. నాకది ఇష్టం లేదు. చీరకు ఫాల్ కొనాలని చెప్పి చిక్కపేట అంగళ్ళకు పోయి చిన్న బజరు, వైరు తెచ్చుకున్నాను. ఇంట్లో టార్చి సెల్లులు రెండున్నాయి. నీటిలో కరెంటు పారుతుందని పుస్తకంలో ఉంది కదా, సెల్లులకు బజరు తగిలించి, మిగిలిన వైరు కొసలు రెండూ కొళాయి కింది బకెట్లో వేలాడదీశాను.

నీళ్ళొచ్చాయి. బజరు పలకలేదు. కళ్ళతోనే చూసి లేచాను కాబట్టి బతికిపోయాను. బకెట్లో ఉప్పు వేస్తే మాత్రం దోమలా సన్నగా మూలిగింది.

"ఉప్పునీళ్ళు వచ్చిన దినం పిలుస్తాదిలే," అంది అత్త.

పక్కింట్లో వైరింగ్ పనిచేసే అన్న నవ్వాడు. "బుక్కు చూసి ఈ పని వచ్చేట్టయితే మేమెందుకమ్మా?"

నేను తిరిగి బుక్కే చూశాను. స్విచ్చంటే తెగిన దారిని కలిపేదని, అంతకుమించి ఏమీ కాదని అందులోనే ఉంది. అప్పుడు తట్టింది: నీళ్ళు కరెంటును మోయక్కర్లేదు, ఏదైనా ఒకదాన్ని పైకి లేపితే చాలు. ప్లాస్టిక్ డబ్బాకు అడుగున చిల్లులు పెట్టి బకెట్లో ఒక పక్కగా నిలబెట్టాను. లోపల థర్మోకోల్ ముక్క, దాని మీద రేకు. డబ్బాకు అడ్డంగా పెట్టిన చెక్క నుంచి రెండు మేకులు కిందికి, ఒక్కో మేకుకు ఒక్కో వైరు. నీళ్ళు లేస్తే రేకు లేస్తుంది, మేకులు రెండింటినీ కలుపుతుంది.

మర్నాటి మధ్యాహ్నం కాపలా మానేసి ఇంట్లో గోడకానుకుని చదువుతూ కూర్చున్నాను. అత్త గుమ్మంలో నిలబడి నన్నూ కొళాయినీ మార్చి మార్చి చూస్తోంది. మూడు దాటాక బజరు వఠారమంతా వినపడేలా మోగింది. వైరింగ్ అన్న బయటికొచ్చి డబ్బాలోకి వంగి చూశాడు. ఈసారి నవ్వలేదు.

"మోగుతా ఉండాది, లెయ్," అంది అత్త.

"పేజీ అయిపోవచ్చింది అత్తా."

చివరి వాక్యం దాకా చదివాకే లేచాను. అయినా మిగతా ఇళ్ళవాళ్ళు బిందెలు తెచ్చేలోపు మొదటి బిందె మాదే. నీళ్ళు పట్టడం అయ్యాక బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కార్డు తీసుకున్నాను. ఎవరినీ అడగలేదు.